నాలుగో అంతస్తులో మంచి శబ్దం

మా అపార్టుమెంట్ల మెట్లదారిలో ఎవరింట్లో పాట బాగా వినిపిస్తుందని అడిగితే చాలా ఏళ్ళ పాటు ఒకటే జవాబు వచ్చేది: మూడో అంతస్తు, ఎడమ తలుపు, బ్లగోయె. కొత్త రికార్డు కొన్నవాళ్ళు దాన్ని ముందు అతని దగ్గరికి తెచ్చేవాళ్ళు. రేడియో గరగరలాడితే అతని తలుపే తట్టేవాళ్ళు. అతను పెట్టెకి చెవి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. కాసేపటికి "ఇది పోయింది" అనో, "దీనికేం కాలేదు, నీ చెవులే పోయాయి" అనో తేల్చేవాడు. ఆ తీర్పు మీద అప్పీలు ఉండేది కాదు.

మా ఊరు నీష్‌లో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బ్లగోయె స్పీకర్ల విభాగంలో పనిచేశాడు. అతని పని వినడం. గోడలకు ఉన్ని అతికించిన చిన్న గదిలో కూర్చుంటే స్పీకర్లు ఒక్కొక్కటే ముందుకు వచ్చేవి. ఒక్కోదాంట్లోంచి ఒక కూత, ఎద్దు గురకంత లోతు నుంచి మొదలై దోమ పాటంత సన్నబడే దాకా సాగేది. మధ్యలో చిన్న గీరుడు వినిపించినా ఎర్ర మీట, లేదంటే పచ్చ మీట. యవ్వనమంతా ఆ గదిలో గడిపిన మనిషికి వినడమంటే తప్పు పట్టడమే అయిపోయింది. పెళ్ళిళ్ళలో బాకాలు ఊదేవాళ్ళు అతను కనిపిస్తే పక్క బల్ల దగ్గరికి జరిగేవాళ్ళు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక కొన్నాళ్ళు బేకరీ వ్యాను నడిపాడు. తర్వాత ఫించను. మా ఊళ్ళో ఫించను కరెంటుకు సరిపోతే కాఫీకి చాలదు. అయినా బ్లగోయె ఇంట్లో ఉన్న శబ్దం దుకాణాల్లో దొరికేది కాదు. ఎవరో పారేసిన బట్టల బీరువా చెక్కలతో పెట్టెలు కట్టాడు. పాత గొర్రెబొచ్చు పరుపు చించి వాటి లోపల కూరాడు. ఆంప్లిఫయర్‌ని ఆదివారం సంతలో చచ్చిన స్థితిలో కొని వంటింటి బల్ల మీద బతికించాడు. లోపలి స్పీకర్లు ఒకప్పుడు ఫ్యాక్టరీ గేటు దాటి, రొట్టె సంచి అడుగున, ఇంటికి వచ్చినవి. అందరూ ఏదో ఒకటి అలా తెచ్చుకున్నవాళ్ళే.

వీటన్నిటినీ అతను అందరూ పెట్టే చోటే పెట్టాడు. రెగాల్‌లో. మా ఇళ్ళల్లో ముందు గదిలో ఒక గోడ మొత్తం రెగాల్‌దే. నేల నుంచి పైకప్పు దాకా చెక్క అల్మారా. అద్దాల తలుపుల వెనక పండగ గ్లాసులు, కింద అరల్లో దుప్పట్లు, నడుమ టీవీకి ఒక గూడు, లేసు గుడ్డ మీద పెళ్ళి ఫోటో. స్పీకర్లకి పై మూలలు రెండూ. అవి అక్కడ కాక ఇంకెక్కడ ఉంటాయని ఎవరికీ తోచలేదు. అన్నీ విన్న బ్లగోయెకీ తోచలేదు.

అతని భార్య దేసంక బట్టల మిల్లులో పనిచేసి రిటైరైంది. తక్కువ మాట్లాడే మనిషి. మొగుడు రికార్డు పెట్టినప్పుడల్లా ఆమె వంటింట్లోంచి అనే మాట ఒక్కటే: "కాస్త తగ్గించు." కాపురం పెట్టిన నాటి నుంచీ అదే మాట. ఆమెకు సంగీతం పట్టదని బ్లగోయె ఎప్పుడో నిర్ణయించేశాడు.

ఒక ఏడు ఎండాకాలం చివర్లో నాలుగో అంతస్తు వితోమిర్‌ని అతని భార్య ల్యుబింక వదిలి వెళ్ళింది. ఆ సంగతి మాకు చెప్పింది రెగాల్. ఒక ఉదయం ఆమె అన్నదమ్ములు వచ్చి దాన్ని పలకలు పలకలుగా ఊడదీసి మెట్లు దింపారు. మా దగ్గర కోర్టు కాగితం కంటే రెగాల్ ముందు మాట్లాడుతుంది. అది మెట్లు దిగితే ఆ కాపురం అయిపోయినట్టే. తలుపులు ఓరగా తెరిచి అందరూ చూశారు. ఆ మధ్యాహ్నమే వితోమిర్ ఇంటికి పళ్ళేలు వెళ్ళడం మొదలైంది.

ఒంటరిగా మిగిలిన మగవాడికి మెట్లదారి ఆడవాళ్ళు వండి పంపుతారు. ఇది దయ కాదు, పద్ధతి. దీనికి జతగా ఇంకో పద్ధతి ఉంది: పళ్ళేన్ని ఖాళీగా తిప్పి పంపకూడదు. దేసంక కూరిన మిరపకాయలు పంపితే వితోమిర్ అదే పళ్ళెంలో అక్రోట్లు వేసి ఇచ్చేవాడు. అక్రోట్లు వచ్చాయి కాబట్టి ఆమె రొట్టె చేసేది. రొట్టె వెళ్ళింది కాబట్టి ద్రాక్షపళ్ళు దిగేవి. ఇలా ఒక పళ్ళెం మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టులా తిరగసాగింది.

ఒక సాయంత్రం పళ్ళెం పట్టుకుని వెళ్ళిన దేసంక ఎంతకీ దిగిరాలేదు. వచ్చేసరికి సూప్ చల్లారింది.

"ఇంతసేపు ఏం చేశావక్కడ?" అని అడిగాడు బ్లగోయె.

"పాటలు విన్నా."

"ఏం పాటలు?"

"రికార్డు పెట్టాడు. ఒక పక్కంతా విన్నా."

బ్లగోయె చెంచా కింద పెట్టాడు. "ఒక పక్కంతా? కూర్చునా?"

"నిలబడి ఎవరు వింటారు?"

"వితోమిర్ ఇంట్లో రికార్డు ప్లేయర్ కూడా ఉందా?"

"ఉంది. బాగుంది. ఆ పాడేది పక్కన కూర్చుని పాడుతున్నట్టే ఉంది. సూప్ మళ్ళీ వెచ్చబెట్టనా?"

వద్దన్నాడు. చల్లటి సూపే తాగాడు, అదీ సగం.

వితోమిర్ ఎవరో చెప్పాలి. ఫ్యాక్టరీలో అతను గేటు కాపలావాడు. సాయంత్రం ఇళ్ళకు వెళ్ళేవాళ్ళ సంచులు తడిమేవాడు. తీగ చివరలు రెండు కలపమంటే మూడోది ఎక్కడని వెతికే రకం. పాట ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో తప్ప మధ్యలో ఏం జరిగిందో అతనికి తెలియదని బ్లగోయె చాలాసార్లు అన్నాడు. అలాంటివాడి ఇంట్లో దేసంక ఒక పక్కంతా విన్నది. భార్య ఇంకో మగవాడి ఇంట్లో కూర్చోవడం బ్లగోయెకి నచ్చలేదు. ఇంకో మగవాడి స్పీకర్ల ముందు కూర్చోవడం అసలే నచ్చలేదు. రెంటిలో ఏది ఎక్కువ మండిందని అడిగితే అతను నిజం చెప్పి ఉండేవాడు కాదు.

ఆనాటి నుంచి అతను పైకప్పును వినడం మొదలుపెట్టాడు. పళ్ళెం పైకి వెళ్ళిన కాసేపటికి బాస్ తీగ మోత కాంక్రీటులోంచి దిగేది. ఆ మోతలో గీరుడు ఉందేమోనని కుర్చీ ఎక్కి మరీ వెతికాడు. లేదు. శుభ్రంగా, గుండ్రంగా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది. అతని ఇంట్లో అదే స్వరం ఆగాల్సిన చోట ఆగదు, ఒక్క క్షణం ఈడుస్తుంది. ఆ ఈడ్పు ఆంప్లిఫయర్‌దని తేల్చుకున్నాడు.

ఆదివారం సంతకి వెళ్ళాడు. పాత సామాన్లమ్మే స్రేతెన్ దుప్పటి పరిచి రేడియోలూ ఇస్త్రీపెట్టెలూ వరసగా పేర్చుకుని కూర్చున్నాడు.

"మేస్త్రీ, నీ మొహం చూస్తే ఎవరో చచ్చినట్టుంది," అన్నాడు స్రేతెన్.

"మంచి ఆంప్లిఫయర్ ఏదైనా ఉందా?"

"నీ దగ్గరున్నదానికేం?"

"ఈడుస్తోంది."

"మనందరం ఈడుస్తూనే ఉన్నాం. పెళ్ళాంతో చెప్పే వచ్చావా?"

బ్లగోయె వంగి దుప్పటి మీదున్న ఒక పెట్టెని ఎత్తి బరువు చూశాడు. తన చేపల గాలాన్నీ, ఇంకొంత డబ్బునీ ఇచ్చి, జర్మనీ నుంచి ఎవరో పాతికేళ్ళ కిందట తెచ్చుకున్న బరువైన ఆంప్లిఫయర్‌ని చంకన పెట్టుకుని బస్సెక్కాడు. మీటలు తుడిచి, తీగలు కొత్తవి వేసి, దేసంకని పిలిచి సోఫాలో కూర్చోబెట్టాడు. రికార్డు పెట్టి, పాట వైపు కాకుండా ఆమె మొహం వైపు తిరిగి నిలబడ్డాడు.

"విన్నావా? ఆ బాస్ విన్నావా?"

"విన్నా."

"ఇప్పుడు ఊపిరి పీలుస్తుంది చూడు. అదిగో. విన్నావా?"

"విన్నా."

"పైనున్న దానికంటే ఎలా ఉంది?"

దేసంక ఒళ్ళోని నలుసులు దులుపుకుంది. "కాస్త తగ్గించు," అని లేచి వంటింట్లోకి వెళ్ళింది.

మర్నాడు బ్లగోయె కాఫీ పొట్లం కొన్నాడు. మా దగ్గర ఎవరింటికీ ఖాళీ చేతుల్తో వెళ్ళరు, గూఢచర్యానికైనా సరే. నాలుగో అంతస్తు తలుపు తట్టాడు.

"కొమ్షియా!" అన్నాడు వితోమిర్. పొరుగువాణ్ణి మేం అలాగే పిలుస్తాం. "రా రా. చెప్పులేం విప్పకు, ఇక్కడ పాడవడానికేం మిగల్లేదు."

నిజంగానే ఏమీ మిగల్లేదు. గోడ మీద రెగాల్ ఉన్న చోట వెలిసిపోని రంగు, పైకప్పు దాకా, తెల్లగా నిలబడి ఉంది. నేల మీద పిరోత్‌లో నేసిన తివాచీ, చిమ్మటలు పట్టిందని ల్యుబింక వదిలేసి వెళ్ళినది. చలికి ఆనుకోవడానికి సోఫా వెనక గోడకి ఇంకోటి. గదిలో దాదాపు నడిమికి వచ్చేసి, బీరు పెట్టెల మీద, రెండు స్పీకర్లు. బ్లగోయె వాటిని చూసి ఆగిపోయాడు.

అవి అతను కట్టినవే. మొట్టమొదటి జత. పెట్టె కొలత తప్పిందని, బాస్ బొంగురుపోయిందని తనే ఎర్ర మీట నొక్కిన జత. రొట్టె సంచి అడుగున ఏముందో వితోమిర్ చూసీ చూడనట్టు ఊరుకున్నందుకు, ఒక కొత్త సంవత్సరానికి, అతనికి కానుకగా ఇచ్చేశాడు.

"వీటినా నువ్వు వాయిస్తున్నది?"

"వీటినే. ల్యుబింక బాల్కనీలో పడేసింది. ఇల్లు బోసిపోయిందని లోపలికి తెచ్చా."

"గోడ నుంచి ఇంత ముందుకెందుకు లాగావు?"

"గోడ వారగా ఉల్లిపాయల బస్తాలు పెట్టాను కదా. అన్నయ్య ఊరి నుంచి పంపాడు. వాటికి గాలి తగలాలి."

"మరి లోపలికి ఇలా తిప్పి ఎందుకు పెట్టావు? ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. తీగ పొట్టిది, అలా తిప్పితేనే అందింది."

"ఈ ఎత్తు? సరిగ్గా చెవికి ఎదురుగా ఉన్నాయి."

"బీరు పెట్టె ఎంతుంటే అంత. ఏమైంది, ఏమన్నా తప్పుచేశానా?"

బ్లగోయె కూర్చోబోయాడు. స్పీకర్లకి ఎదురుగా రెండు కుర్చీలు. ఒకదాని మీద నీలం ఊలు దిండు. తన ఇంటి దిండు. దేసంక అల్లినది, సోఫా మూల నుంచి ఎప్పుడు మాయమైందో అతను గమనించనిది. ఆ కుర్చీ వదిలేసి పక్కదాంట్లో కూర్చున్నాడు.

"వాయించు," అన్నాడు.

వితోమిర్ రికార్డు మీద ముల్లు పెట్టి, కాఫీ కాయడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. పాత ఊరి పాటలు. వయొలిన్ కుడివైపున నిలబడింది. బాస్ వాయించేవాడు వెనక ఎక్కడో, ఉల్లిపాయల దగ్గర. ఆ రెంటి నడుమ, స్పీకర్లు లేని చోట, ఒక ఆడమనిషి నిలబడి పాడింది. పదం ముందు పెదాలు విడిపోయే చప్పుడు కూడా వినిపించింది. బ్లగోయె తప్పు కోసం వెతికాడు. పై స్వరంలో కొంచెం కరకు ఉంది. అంతే. దాన్ని పట్టుకుని ఊరట పొందాలని చూశాడు గానీ అది చాలలేదు. తన చేత్తో తీసిపారేసిన పెట్టెలు, తను ఇరవై రకాలుగా సవరించిన వాటికంటే బాగా పలుకుతున్నాయి, అదీ గేటు కాపలావాడి చేతిలో.

వితోమిర్ కాఫీ తెచ్చాడు. "ఎలా ఉంది మేస్త్రీ? నిజం చెప్పు, నాకేం తెలీదు."

"పర్లేదు," అన్నాడు బ్లగోయె. "దేసంక ఇక్కడే కూర్చుంటుందా?"

"అవును. వదిన కూర్చుంటుంది, నేను గిన్నెలు కడుక్కుంటా. ఒక్క మాటా మాట్లాడదు. అయిపోయాక థాంక్స్ చెప్పి పోతుంది."

"నువ్వేం చేశావు ఈ గదికి?"

"నేనేం చేశా? చేసిందంతా ల్యుబింకే. రెగాల్ పట్టుకుపోయింది." వితోమిర్ నవ్వబోయి మానేశాడు. "ముందు ఈ గదిలో దగ్గితే గ్లాసులన్నీ తిరిగి దగ్గేవి. ఇప్పుడు నేనొక్కణ్ణే దగ్గుతున్నా."

బ్లగోయె కప్పు నోటి దగ్గరే ఆగింది.

ఇంటికి దిగివచ్చి తన ముందు గదిలో నిలబడి చప్పట్లు కొట్టాడు. అద్దాల తలుపుల వెనక గ్లాసులు సన్నగా కూసి ఊరుకున్నాయి. లోపలి అరలు చేత్తో కొడితే డప్పుల్లా మోగాయి. ఈడ్పు ఆంప్లిఫయర్‌ది కాదు. ఇన్నేళ్ళూ స్పీకర్లని ఒక పెద్ద ఖాళీ పెట్టెలో పెట్టి, దాని పక్కన గాజుసామాను కాపలా ఉంచి, తప్పంతా తీగల్లో వెతికాడు. ఫ్యాక్టరీలో అతని గది గోడలకు ఉన్ని ఎందుకు అతికించారో అతనికి తెలియనిది కాదు. ఇంటికి వచ్చేసరికి మా అందరిలాగే అతనూ రెగాల్‌ని గోడే అనుకున్నాడు.

భోజనాల దగ్గర మెల్లగా ఎత్తాడు. "ఈ రెగాల్‌ని పడగ్గదిలోకి మారిస్తే ఎలా ఉంటుంది?"

"పడగ్గదిలో పడుకునేదెక్కడ?"

"పోనీ కింద, సామాన్ల కొట్టులో."

దేసంక రెగాల్ వైపు చెయ్యి చూపింది. "మిల్లులో మొదటి ఏడాది జీతం మొత్తం దానికే పోశాను. స్లావకి ఇంకా నెల కూడా లేదు. వచ్చినవాళ్ళకి గ్లాసులు స్నానాలగది నుంచి తెచ్చివ్వనా?"

స్లావ అంటే ఇంటి పునీతుని పండగ. దానికి ఎవరినీ పిలవం, రావాల్సినవాళ్ళంతా వాళ్ళంతట వాళ్ళే వస్తారు. ఎవరొస్తారో తెలియదు కాబట్టి ఇల్లు ఇల్లులా ఉండాలి. బ్లగోయెకి ఇది తెలుసు. తెలిసీ, మర్నాడు మళ్ళీ పళ్ళెం పైకి వెళ్ళినప్పుడు, కుర్చీ మీది నీలం దిండు గుర్తొచ్చి అతనికి అన్నం సయించలేదు. దేసంకని ఎవరూ లాక్కుపోవడం లేదు. ఆమె తన కాళ్ళ మీద తనే మెట్లెక్కి వెళుతోంది. ఆమెని ఈ గదిలో, ఈ కుర్చీలో, ఒక్క పక్కంతా కూర్చోబెట్టగలిగితే చాలని, లేకపోతే తను విన్నదంతా వృథా అని అతనికి అనిపించింది.

ఆ వారం దేసంక మిరపకాయలు కాల్చడానికి ప్రోకుప్ల్యెలో చెల్లెలింటికి వెళ్ళింది. ఆ రోజుల్లో ఊరంతా ఆ వాసనే. ఆ కాల్చిన మిరపకాయల పచ్చడిని, ఐవార్‌ని, సీసాల్లో నింపే దాకా ఆడవాళ్ళకి ఇంకో పని ఉండదు. బస్సు కదలగానే బ్లగోయె స్రేతెన్‌కి కబురు చేశాడు.

ఇద్దరూ కలిసి గ్లాసులు పత్రికల్లో చుట్టి స్నానాలతొట్టిలో పేర్చారు. రెగాల్‌ని ఊడదీశారు. తలుపులు, అరలు, వెనక పలకలు ఒక్కొక్కటే మెట్ల మీదుగా కింది కొట్టులోకి దింపారు. ఒక తలుపు రెండో అంతస్తు మలుపులో గోడకి గీరుకుని పెద్ద చప్పుడు చేసింది.

"మేస్త్రీ," అన్నాడు స్రేతెన్ మధ్యలో ఆగి, "తలుపులన్నీ ఎందుకు తెరుచుకుంటున్నాయి?"

"గాలికి," అన్నాడు బ్లగోయె. అతని ధ్యాస అంతా పైనున్న ఖాళీ గోడ మీదే ఉంది. మా మెట్లదారిలో పుట్టి పెరిగిన మనిషి, వితోమిర్ రెగాల్ దిగినప్పుడు తనూ తలుపు ఓరగా తెరిచి చూసినవాడు. అయినా తనది దిగుతుంటే జనం ఏమనుకుంటారో అతని బుర్రకి తట్టలేదు.

సాయంత్రానికి గది సిద్ధమైంది. సోఫా వెనక దుప్పటి వేలాడదీశాడు. పడగ్గది తివాచీ తెచ్చి పరిచాడు. ఇటుకలు పేర్చి, వాటి మీద స్పీకర్లు, చెవి ఎత్తున, గోడకి దూరంగా, కొంచెం లోపలికి తిప్పి. తీగ మాత్రం పొడుగ్గానే ఉంది. ముల్లు పెట్టబోతుంటే తలుపు చప్పుడైంది. మొదటి అంతస్తు స్తమెన అవ్వ, చేతిలో గుమ్మడికాయ రొట్టె.

"తిను నాయనా," అంది. "మొదటి వారమే కష్టం."

"దేనికవ్వా?"

"సిగ్గెందుకు. అందరం చూశాం."

"అవ్వా, దేసంక చెల్లెలింటికి పోయింది. మిరపకాయలు కాల్చడానికి."

"అవున్నాయనా. ల్యుబింక కూడా ముందు చెల్లెలింటికే పోయింది." అవ్వ ఖాళీ గోడని తృప్తిగా ఒకసారి చూసుకుని దిగిపోయింది.

తర్వాత ఐదో అంతస్తు నుంచి కోడి సూప్ వచ్చింది. కుడి తలుపు వాళ్ళు వేయించిన చేప ఇచ్చారు. బ్లగోయె ప్రతివాళ్ళకీ మిరపకాయల సంగతి చెప్పాడు. చెప్పిన కొద్దీ వాళ్ళ జాలి పెరిగింది. చివరికి వితోమిర్ వచ్చాడు, మట్టికుండలో పొయ్యిలో కాల్చిన చిక్కుడు గింజల కూర పట్టుకుని.

"ఏం మాట్లాడకు కొమ్షియా," అన్నాడు. "నాకు తెలుసు."

"నీకేం తెలుసు? చెల్లెలింటికి పోయిందయ్యా!"

"అలాగే అను. నేనూ అలాగే అన్నా. ఒక్క మాట విను. గోడ మీద ఆ తెల్లమచ్చ ఉంది చూడు, దాని వైపు చూడకు. నేను చూసి చెడ్డా."

బ్లగోయె వాదించడం మానేసి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. ముల్లు పెట్టాడు. అదే రికార్డు. ఈసారి గది ఏమీ కలపలేదు, ఏమీ ఈడ్వలేదు. పాడే ఆమె మధ్యలో నిలబడింది, వయొలిన్ మీద విల్లు ఎక్కడ తిరిగిందో కూడా తెలిసింది. పైనున్న దానికంటే బాగుంది. ఇది బ్లగోయె పక్షపాతం కాదు, ఎర్ర మీట నొక్కే చెవి చెప్పింది. అతను వితోమిర్ మొహంలో కుళ్ళు కోసం వెతికాడు. కనుబొమ్మ దగ్గర, పెదవి చివర, ఎక్కడైనా చిన్న గీరుడు. అక్కడ జాలి తప్ప ఏమీ లేదు. అది ఇంకా మండింది.

"బాగుంది," అన్నాడు వితోమిర్ లేస్తూ. "కానీ దీనికోసం ఆమెని పోనివ్వాల్సింది కాదు."

మర్నాడు మొదటి బస్సుకే దేసంక దిగింది. మెట్లెక్కుతుంటే స్తమెన అవ్వ ఆమెని కౌగిలించుకుని ఏడ్చిందట. తాళం తిప్పుకుని లోపలికి వచ్చి, కోటు విప్పకుండా, గోడ వైపు చూసింది. తర్వాత తొట్టిలో పత్రికలు చుట్టుకుని పడుకున్న గ్లాసుల్ని చూసింది. తర్వాత మొగుణ్ణి.

"నన్ను నువ్వు వెళ్ళగొట్టావట. మిరపకాయలు ఒలవకముందే ప్రోకుప్ల్యెకి ఫోనొచ్చింది. మా చెల్లెలు నాకు మంచం కూడా వేసేసింది."

"దేసా, నేను శబ్దం కోసమే…"

"తెలుసు. నువ్వు ఆడదానికోసం రెగాల్ దింపావంటే నిన్నెరిగినవాళ్ళెవరూ నమ్మరు."

"ఒక్కసారి కూర్చో. ఒక్క పక్క. తర్వాత ఏమన్నా అను."

ఆమె కోటుతోనే కూర్చుంది. అతను ముల్లు పెట్టి, ఆమెకి ఎదురుగా, కొంచెం పక్కకి నిలబడ్డాడు. బాస్ మొదలైంది. అతని నోరు తెరుచుకుంది.

"విన్నావా?"

దేసంక లేచి ముల్లు పైకెత్తింది. గదిలో ఏ గ్లాసూ కూయలేదు. నిశ్శబ్దం కూడా శుభ్రంగా ఉంది.

"బ్లగోయె, నేను పైకి ఎందుకు పోతున్నానో నువ్వు ఎన్నడూ అడగలేదు."

"అక్కడ రెగాల్ లేదు కాబట్టి. బాగా వినిపిస్తుంది కాబట్టి."

"బాగానే వినిపిస్తుంది. కానీ అక్కడ నేను వింటుంటే ఆయన వంటింట్లో గిన్నెలు కడుక్కుంటాడు. ఏం విన్నావని అడగడు. ఇక్కడ పాట మొదలుకాకముందే నువ్వొచ్చి నా మొహం ముందు నిలబడతావు. నేనేమన్నా స్పీకర్నా, ఎర్ర మీటో పచ్చ మీటో నొక్కడానికి? నువ్వు పాట తగ్గిస్తేనే నన్ను అడగడం ఆపుతావు. అందుకే తగ్గించమంటాను."

బ్లగోయెకి చెప్పడానికి చాలా ఉంది. ఊపిరి చప్పుడు గురించి, పెదాలు విడిపోయే చోటు గురించి, ఆమె ఒక్కతే అయితే కచ్చితంగా వదిలేసే సన్న సంగతుల గురించి. వాటిని ఎవరో ఒకరు చూపించకపోతే అవి ఉండీ లేనట్టే కదా అని అతని అనుమానం.

"రెగాల్ స్లావ లోపు పైకి రావాలి," అంది దేసంక. "ఎక్కడ పెడతావో నీ ఇష్టం. గ్లాసులు నాకు చేతికందాలి, అంతే."

"పడగ్గదిలో పెడతా. కిటికీ సగం మూసుకుపోతుంది."

"పోనీ. ఇప్పుడు నువ్వు అటు పో."

"ఎటు?"

"వంటింట్లోకి. తలుపేసుకో."

అతను వెళ్ళాడు. తలుపు వేసుకున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత తన ఇంట్లో కుదిరిన మంచి శబ్దం తలుపుకి అవతల మొదలైంది. ఇవతలికి బాస్ మాత్రమే, అదీ చెక్కలోంచి, బొంగురుగా వచ్చింది. కుర్చీ లాగిన చప్పుడు రాలేదు. రికార్డు పక్క సగానికి వచ్చింది. ఆమె ఇంకా కూర్చునే ఉంది. ఏ చోట కళ్ళు మూసుకుందో, అసలు మూసుకుందో లేదో తెలియలేదు. తన గదిలో, తన ఇటుకల మీద, తన స్పీకర్ల ముందు, తనకి దొరకని చోటు ఆమెకి దొరికింది. ఆ కుర్చీ మీద కూడా అతనికి కుళ్ళు పుట్టింది.

రెండుసార్లు "విన్నావా" అని అడుగుదామని తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. రెండుసార్లూ నోటికి ఏదో ఒక పని చెప్పాలని వితోమిర్ కుండ మూత తీసి చెంచా ముంచాడు. చల్లారిన కూర. గింజ చితకలేదు, తొక్క ఊడలేదు, ఉల్లి తీపి లోపలిదాకా ఇంకింది. తప్పు పట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని ఇంకో చెంచా తిన్నాడు.

దొరకలేదు.